చెవి మోతకు సాంప్లర్

ఊరేగింపుల్లో, జాతరల్లో ఆర్కెస్ట్రాకి ప్యాడ్లు వాయించి వాయించి నా చెవులు దిబ్బెళ్ళు పడిపోయాయి. మాది తాడేపల్లిగూడెం. గణపవరం, ఉండి, గుండుగొలను, ఏ ఊళ్ళో స్టేజీ కట్టినా నా చోటు పెద్ద స్పీకర్ బాక్సుల పక్కనే. జనం గెంతుతారు, నేను కొడతాను. అదో ఉద్యోగం. కొన్నాళ్ళుగా ప్యాడ్ ఆపేశాక కూడా ఎడమ చెవిలో సన్నటి కీచు ఆగడం లేదు. తింటున్నా అదే, స్నానం చేస్తున్నా అదే. నిద్ర అనేది ఇంకెవరికో పట్టే సంగతైపోయింది.

మా ఆవిడకి చెప్పాను. నమ్మలేదనను. నమ్మింది, ఎవరైనా తలనొప్పి అంటే నమ్మినట్టు. కానీ పొయ్యి దగ్గర్నుంచి ఆవిడ పిలిస్తే నాకు వినబడదు, వినబడినా సగమే. "ఆఁ? ఏమన్నావు?" అంటాను. "గోడకి చెప్పుకున్నా ఈపాటికి పలికేదండి," అనేది. మొదట్లో నవ్వుతూ అనేది, తర్వాత నవ్వడం మానేసింది. ఆ తర్వాత నాతో చెప్పడమే తగ్గించేసింది. నిద్ర లేకపోవడం కంటే నాకు అదే ఎక్కువ భయం వేసింది.

చివరికి ఇద్దరం ఏలూరు వెళ్ళాం. చెవి డాక్టరు గారు పరీక్ష చేసి, "ఇది పోదండి, అలవాటు పడాలి. పెద్ద చప్పుళ్ళు తగ్గించుకోండి. పడుకునేటప్పుడు మెత్తని శబ్దం ఏదైనా పెట్టుకోండి," అన్నారు.

మెత్తని శబ్దం ఏదో నాకు ముందే తెలుసు. ఒకసారి గణపవరంలో పెళ్ళికి వెళ్ళినప్పుడు, సామాను దించేలోపు చేపల చెరువు గట్టు మీద కూలబడ్డాను. చేపలకి గాలి అందించే ఏరేటర్ల చక్రాలు నీళ్ళు చిలుకుతున్నాయి. ఆ హోరులో నా కీచు మునిగిపోయింది. హమ్మయ్య అనుకునేసరికి ఏడుపొచ్చినంత పనైంది. ఫోనులో రికార్డు చేసుకున్నాను. ఇంటికొచ్చి పెట్టుకుంటే, రికార్డింగు అయిపోయి మళ్ళీ మొదలయ్యే చోట టక్కుమనేది. ఇక ఆ టక్కు ఎప్పుడొస్తుందా అని కాచుకోవడమే నా పనైంది.

అందుకే సాంప్లర్ మీదికి మనసు పోయింది. శబ్దాన్ని ముక్కగా కోసి, అతుకు తెలియకుండా తిప్పి తిప్పి వినిపించే మిషన్ అది. యాంబియెంట్ మ్యూజిక్ చేసేవాళ్ళు దాన్ని బాగా వాడతారు. ఆ సంగీతంలో తాళం ఉండదు, పాట ఉండదు, గదిలో గాలి ఉన్నట్టు ఉంటుంది. బతుకంతా తాళం కొట్టినవాడికి అంతకంటే ఏం కావాలి? ఏది కొనాలో చెప్పే వీడియోలు చూసి చూసి ఇంకా అలిసిపోయాను. ఒకడు మెమరీ ముఖ్యమంటాడు, ఇంకొకడు ఎఫెక్టులంటాడు. నాకు అతుకు తెలియకుండా ఉంటే చాలు.

డాక్టరు దగ్గర్నుంచి తిన్నగా మ్యూజిక్ షాపుకి నడిచాం. మా ఆవిడ మందుల సంచి ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూర్చుని, "పాసింజరు వెళ్ళిపోద్దండీ, తొందరగా తేల్చండి," అంది. సాంప్లర్ అనగానే షాపాయన పెళ్ళి బీట్లు నింపిన కొత్తది తీసి, వద్దంటున్నా ఫుల్ సౌండు పెట్టాడు. నా చెవిలో మేకు దిగినట్టైంది.

"ఇందులో డప్పుల నుంచి టపాకాయల దాకా అన్నీ ఉన్నాయండి!"

"అవేం వద్దండి బాబూ. నెమ్మదిగా, గోల లేకుండా ఉండాలి."

"గోల లేకుండా ఉండటానికి మిషనెందుకండి? స్విచ్ కట్టేసుకుంటే సరిపోద్ది కదండీ!"

మా ఆవిడ ఫక్కున నవ్వింది. ఎన్నాళ్ళకో నవ్వింది కదా అని నేనూ ఊరుకున్నాను.

ఆ కొత్తదాన్లో నా ఏరేటర్ల హోరు ఎక్కించి చూశాను. అతుకు దగ్గర టక్కు అలాగే ఉంది. కింద అరలోంచి ఇంకొకటి తీయించాను. ఎవరో వాడి అమ్మేసిన పాతది, ఇనప్పెట్టంత బరువు, బటన్ల మీద అక్షరాలు అరిగిపోయాయి. దాన్లో మాత్రం హోరు ఎక్కడా తెగకుండా తిరిగింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను.

లూపు, అంటే తిరిగే ఆ ముక్క, పొడవు మార్చే నాబ్ ఒకటుంది. పెంచబోయి, పొరపాటున తగ్గించే వైపు తిప్పాను. ముక్క చిన్నదయ్యేకొద్దీ హోరు కాస్తా జుమ్మంది, తర్వాత సన్నబడింది, ఇంకా సన్నబడి కీచుమంది. నా చెయ్యి ఆగిపోయింది. అదే. నా ఎడమ చెవిలోది అచ్చంగా అదే.

ఏమీ ఆలోచించకుండా హెడ్‌ఫోన్లు తీసి మా ఆవిడ చెవులకి పెట్టాను. వెంటనే మొహం చిట్లించుకుని లాగేసింది.

"అబ్బా! ఏంటండీ ఇది, చెవులు కోసేస్తోంది!"

"నా చెవిలోది ఇదే."

ఆవిడ మిషన్ వంక చూసింది, నా వంక చూసింది. "ఇదా? ఎంతసేపుంటదండీ?"

"ఆగదు."

"నేను మాట్లాడుతున్నప్పుడు కూడానా?"

"అప్పుడూ ఉంటుంది. ఇప్పుడూ ఉంది."

షాపాయన కొత్త మిషన్ తీసి లోపల పెట్టేశాడు. ఆవిడ సంచి కింద పెట్టి, హెడ్‌ఫోన్లు తీసుకుని ఈసారి తనే పెట్టుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నా తియ్యలేదు. ఎందుకు వినిపించానా అనిపించింది.

"పాతదే ఇచ్చెయ్యండి," అని షాపాయనతో అని, ఆవిడ వైపు తిరిగాను. "ఇక తియ్యి. పాసింజరు వెళ్ళిపోతుంది."

"ఆఁ? ఏమన్నారు?" అంది, అచ్చం నాలాగే గట్టిగా.

దగ్గరికి జరిగి మళ్ళీ చెప్పాను.

"పోతే పోనివ్వండి," అంది. "ఇంకాస్త విననివ్వండి."