ఒపేరాకు వన్స్ మోర్

నిన్న పొద్దున టీ తాగుతూ ఫోను చూస్తే మా కాలేజీ గ్రూపులో ఒక మెసేజీ కనబడింది. ఆదివారం సాయంత్రం ఆరున్నరకు సెమినార్ హాల్లో ఒపేరా, ప్రత్యక్ష ప్రసారం, ప్రవేశం ఉచితం, అందరూ ఆహ్వానితులే అని. వనపర్తిలో యూనివర్సిటీ పీజీ కాలేజీ లైబ్రరీలో పనిచేసి నేను రిటైరై రెండేళ్లయింది. అయినా గ్రూపులోంచి నన్నెవరూ తీసేయలేదు, నేనూ బయటికి రాలేదు. ఆ మెసేజీ చదవగానే నాకు ఒపేరా గుర్తుకు రాలేదు. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని స్టేజీ మీద నిలబడ్డ మా మేనమామ గుర్తొచ్చాడు.

ఈ ఒపేరాల పిచ్చి మా కాలేజీకి అంటించింది ఇంగ్లీషు సారు. ఎక్కడో యూరపులో నాటకశాల వాళ్లు పాటల నాటకాలను కాలేజీలకు ఉచితంగా చూపిస్తారని ఆయన కనిపెట్టాడు. అక్కడ మధ్యాహ్నం ఆట మనకు సాయంత్రం పడుతుంది. సెమినార్ హాల్లో పెద్ద తెర కట్టించి, దానికి యూనివర్సిటీ టాకీసు అని తనే పేరు కూడా పెట్టుకున్నాడు. మొదటిరోజు ఎవరూ రారేమోనని భయపడి సమోసాలు చెప్పించాడు. దాంతో హాస్టలు అమ్మాయిలు ఓ ముప్పై మంది వచ్చారు. నాగర్‌కర్నూల్ వైపు నుంచి వచ్చి చదువుకునే పిల్లలు వెనక వరుసంతా ఆక్రమించి, ఆట మొదలుకాకముందే సమోసాలు పూర్తిచేశారు. నేను మామను వెంటబెట్టుకుని వెళ్లాను.

మామది గద్వాల దగ్గర పల్లె. కంటి ఆపరేషన్ కోసం వచ్చి, అది అయ్యాక నల్ల కళ్లద్దాలతో మా ఇంట్లోనే ఉన్నాడు. వయసులో ఉండగా పౌరాణిక నాటకాల్లో రాణి వేషం కట్టేవాడు. అయిజ చుట్టుపక్కల ఊళ్లలో ఆయన రాణి వేషమంటే బండ్లు కట్టుకుని వచ్చేవారు. కొడుకు పోయిన రాణి ఏడ్చే పద్యం ఒకటుండేది. దాని చివర మామ రాగం ఎత్తుకుంటే జనం ఊరుకునేవారు కాదు, "వన్స్ మోర్" అని కేకలు పెట్టేవారు. అంటే మళ్లీ పాడవలసిందే. చచ్చిన కొడుకును కింద పడుకోబెట్టి మామ మూడుసార్లు ఏడ్చిన రోజులున్నాయి. ఆ కొడుకు వేషగాడు మాత్రం దోమలు కుట్టి మధ్యలో కదిలి తిట్లు తినేవాడు.

తర్వాత ఒక జాతరలో అదే పద్యంలో, పైకి వెళ్లే చోట, మామ గొంతు చీలిపోయింది. పద్యం ఎలాగో ముగించి ఆగాడు. ఎవరూ వన్స్ మోర్ అనలేదు. ముందు వరుసలో చాప మీద కూర్చున్న నేను కూడా అనలేదు. జాలిపడి నోరు మూసుకున్నాను. అదే మంచిదనుకున్నాను కూడా. మామ సవరం విప్పి పెట్టెలో పెట్టి తాళం వేశాడు. ఇరవై ఏళ్లు దాటినా స్నానం చేస్తూ కూడా కూనిరాగం తీయలేదు. పక్క ఊళ్లో నాటకమంటే ఆయనకు ఆరోజే నడుం నొప్పి వచ్చేది. ఆ గొంతు మళ్లీ ఒక్కసారి వినాలని నాకెంత ఆశగా ఉండేదో ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. ఏ మొహం పెట్టుకుని చెప్పను?

నాటకమంటే రాడని, సినిమా అని అబద్ధం చెప్పి తీసుకెళ్లాను. హాల్లోకి రాగానే తెర చూసి మామ చెప్పులు విడిచాడు. ముందుకు వెళ్లి వంగి స్టేజీ అంచు తాకి కళ్లకద్దుకున్నాడు. ఇంగ్లీషు సారు పెద్దాయనదేదో కింద పడిందనుకుని సెల్‌ఫోను లైటు వేసి వెతకసాగాడు.

ఇది లైవ్ అని సారు చెప్పాక ఆట మొదలైంది. కింద ఇంగ్లీషు అక్షరాలు చదివి నేను కథ చెప్పబోతే మామ చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వు ఊకో బిడ్డా. నాకు సమజైతుంది. ఆమె కొడుకు పోయిండు."

ఆమెను వదిలిపోయింది ప్రియుడని అక్షరాలు చెబుతున్నాయి. ఆ లావుపాటి గాయని పైకి, ఇంకా పైకి వెళ్లి పాట ముగించగానే మామ ఒక్కసారిగా లేచి, హాలు దద్దరిల్లేలా "వన్స్ మోర్!" అన్నాడు. అమ్మాయిలు పడీ పడీ నవ్వారు. తెర మీద ఆమె తన మానాన తను వెళ్లిపోయింది. మామ మొహం చిన్నబోయింది.

"లైవ్ అన్నరు గద. ఇనలేదా?"

"ఆమె మనకు కనిపిస్తుంది గానీ, మనం ఆమెకు కనిపించం మామా. మన మాట అక్కడికి పోదు."

"అయ్యో పాపం," అన్నాడు మామ కూర్చుంటూ. "ఎవరింటున్నరో తెల్వకనే గంత గనం పాడుతున్నదా?"

ఆఖరి అంకంలో ఆమె మంచం పట్టింది. చనిపోయే ముందు పాట అందుకుంది. సరిగ్గా అప్పుడు నెట్ ఆగిపోయింది. ఆమె నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది, మొహం మీద ఒక గుండ్రం తిరగడం మొదలైంది. సారు వైర్లు పీకి పెట్టాడు, పెట్టి పీకాడు. అమ్మాయిలు సంచులు సర్దుకుని లేచారు.

"లేస్తున్రు బిడ్డా, జనం లేస్తున్రు," అని మామ పరేషాన్ అయిపోయాడు. ఆయన రోజుల్లో నాటకం మధ్యలో గ్యాసు లైటు మసకబారితే, పంపు కొట్టి వెలిగించేదాకా స్టేజీ మీద ఎవరుంటే వాళ్లు ఏదో ఒక పద్యం పాడి జనాన్ని కూర్చోబెట్టాలి. అది వేషగాళ్ల నియమం. జనం లేచిపోతే నాటకం చచ్చినట్టే.

"కూసోండ్రి! జర కూసోండ్రి!" అంటూ మామ స్టేజీ ఎక్కాడు. తెరిచిన నోటితో ఆగిపోయిన ఆ గాయని కింద నిలబడి, నల్ల కళ్లద్దాలతోనే, రాణి పద్యం ఎత్తుకున్నాడు.

గొంతు ముదిరింది, సన్నబడింది. అయినా మా మామ గొంతే. పాత జాతరలో చీలిన చోటు దగ్గరికొచ్చేసరికి నేను కుర్చీలోంచి సగం లేచాను. దాన్ని దాటేశాడు. పద్యం ముగిసింది. నేను నోరు తెరిచాను. అనాలి. ఇప్పుడైనా అనాలి. నా గొంతు పెగల్లేదు, కళ్లు మాత్రం కారిపోతున్నాయి.

వెనక వరుసలోంచి, ఇందాక అందరికన్నా గట్టిగా నవ్విన అమ్మాయి, "వన్స్ మోర్!" అంది.

మామ చుట్టూ చూశాడు. "నన్నేనా?" అన్నాడు.

రెండోసారి పాడాడు. ఈసారి అదే చోట గొంతు చీలింది. మామ అక్కడే ఆగి, చీలిన గొంతుతోనే రాగాన్ని కాసేపు నిలిపి, నవ్వుతూ కింది స్వరానికి దిగాడు. పిల్లలు అదీ రాగంలో ఒక సంగతే అనుకుని చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్యలో నెట్ వచ్చింది. అప్పటికే అక్కడ కథానాయిక చనిపోయి, లేచి, పూలగుత్తితో వంగి దండాలు పెడుతోంది. మామ గబగబా పక్కకు జరిగి, "ఇగ నీదే తల్లీ," అని ఆమెకు స్టేజీ ఖాళీ చేశాడు.

ఆ తర్వాత మామ గద్వాల నుంచి బస్సెక్కి ఇంకో మూడు ఒపేరాలకు వచ్చాడు. ప్రతిసారీ నెట్ ఆగితే బాగుండునని నేను, ఆ పిల్లలు ఎదురుచూశాం. పాడు నెట్, ఒక్కసారీ ఆగలేదు. పోయిన వానాకాలం మామ కన్నుమూశాడు.

ఈ ఆదివారం వెళతాను. మొదటి పాట అయిపోగానే లేచి, ఎవరు నవ్వినా సరే, వన్స్ మోర్ అంటాను. ఆమెకు వినపడదు, కాలమూ ఆ మాట విని వెనక్కి రాదు. అయినా రెండుసార్లు మింగేసిన మాట, మూడోసారైనా బయటికి అనాలి కదా.