శాలువాతో రంపం పట్టిన పెద్దసారు

రిటైరవడానికి రెండేళ్ళ ముందు నన్ను వనపర్తిలోని ఒక శిక్షణ సంస్థకు వడ్రంగి విభాగం శిక్షకుడిగా బదిలీ చేశారు. చేరిన కొద్ది రోజులకే భద్రతా వారోత్సవం వచ్చిపడింది. చేతితో పట్టుకొని నడిపే కరెంటు రంపం మీద పాఠం నాది. పనివాళ్ళు దాన్ని కట్టర్ మిషన్ అంటారు.

వారమంతా గొంతు చించుకున్నాను. కోసే చెక్కను బల్లకు క్లాంపుతో బిగించాలి. బ్లేడును కప్పే గార్డు దానంతటది మూసుకుంటోందో లేదో ముందే చూసుకోవాలి. బ్లేడు పూర్తిగా ఆగాకే మిషన్ కింద పెట్టాలి. బ్లేడు మార్చాలంటే ముందు ప్లగ్గు ఊడదీయాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఒంటి మీద వేలాడే గుడ్డ ఉండకూడదు. ఒక్క పోగు చిక్కినా గుడ్డతో పాటు మనిషినీ లోపలికి లాగేస్తుంది. మెడలో తువ్వాల వేసుకొచ్చిన ఒకతన్ని పొమ్మని బయట నిలబెట్టాను కూడా.

చివరి రోజు ముగింపు సభకు మా శాఖ జిల్లా అధికారి ముఖ్య అతిథి. మా ప్రిన్సిపాల్ గద్వాల నుంచి జరీ అంచు పట్టు శాలువా ప్రత్యేకంగా తెప్పించి ఆయనకు కప్పారు. దాని మీద మోకాళ్ళ దాకా బంతిపూల దండ. ఆ అలంకారంతోనే ఆయన చేత చెక్క కోయించి భద్రతా వారోత్సవాన్ని ముగించాలట!

శాలువా అంచు సరిగ్గా బ్లేడు ఎత్తున ఊగుతోంది. అవి రెండూ తీసి పక్కన పెట్టమని అతిథిగారిని బతిమాలాను.

“తీస్తె కప్పినోళ్ళు ఏమనుకుంటరు సారూ? ఒక్క నిమిషమే గద” అన్నారాయన. పాపం, మర్యాదస్తుడు.

ప్రిన్సిపాల్ నా మోచెయ్యి గిల్లారు. “జర ఊకో. అందర్ల ఇజ్జత్ తియ్యకు. ఫొటో దిగంగనే అయిపోతది” అన్నారు.

శిక్షణకు వచ్చినవాళ్ళంతా నన్నే చూస్తున్నారు. ఆ తువ్వాల అతనైతే మరీను. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంకో మాటంటే నన్నే అక్కడి నుంచి పంపించేస్తారు. అందుకని బల్ల వెనక్కి పోయి, ప్లగ్గు ఊడబీకి కాలి కింద తొక్కిపట్టాను.

అతిథిగారు మీట నొక్కారు. మిషన్ ఉలకలేదు, పలకలేదు. మళ్ళీ నొక్కారు. ఫొటోగ్రాఫరు నవ్వమన్నాడు, ఆయన నవ్వారు, చప్పట్లు మోగాయి. కరెంటు పోయిందని ప్రిన్సిపాల్ మైకులో ప్రకటించారు. నెత్తి మీద ఫ్యాన్లు గిర్రున తిరుగుతూనే ఉన్నాయి.

సభ అయ్యాక అటెండరు బాలమ్మ బల్ల తుడుస్తూ నా చెప్పు కింది ప్లగ్గును చూసింది. “నేనేం సూడలే సార్” అని పక్కకు తిరిగి నవ్వుకుంది.

కొన్నాళ్ళకు నాకు మెమో వచ్చింది. ముఖ్య అతిథి ముందు మిషన్ పనిచేయనందుకు సంజాయిషీ ఇవ్వాలట. ఈ వ్యవహారంతో నాకు తెలిసొచ్చింది ఇదీ: చెప్పినా వినని మనిషి హోదా ఎంత పెద్దదైతే, ప్లగ్గు అంత త్వరగా ఊడబీకాలి. మెమో కింద సంతకం అతిథిగారిదే. అన్ని వేళ్ళూ ఉన్న చేత్తో పెట్టిన సంతకం, ఎక్కడా వంకర పోలేదు.