గాలి ఆగొద్దన్న ప్రార్థన

నాన్నకి గుండె ఆపరేషన్ చెయ్యాలని విజయవాడలో డాక్టరుగారు చెప్పిన రోజునుంచి నాకు ఒకచోట కూర్చోబుద్ధి కాలేదు. ఆస్పత్రికి సంచి సర్దేదాన్ని, విప్పేదాన్ని, మళ్ళీ సర్దేదాన్ని. ఆలస్యం చెయ్యొద్దని ఆయన గట్టిగానే చెప్పారు. నాన్న మాత్రం కంకిపాడులో మా ఇంటి వరండా కుర్చీ వదల్లేదు.

"సంఘమంతా ప్రార్థన చేస్తోంది కదమ్మా. చూద్దాం."

నిజమే. ఎవరు పరామర్శకొచ్చినా ఆయన తలమీద చెయ్యి పెట్టి, కత్తి తగలకుండానే స్వస్థపరచమని వేడుకునేవాళ్ళు. నేనూ ఉపవాసముండి అదే అడిగాను. ఆమేన్ అన్న ప్రతిసారీ ప్రయాణం వాయిదా పడేది.

కంగారు అణచుకోడానికి సాయంత్రాలు ఆయనకో ఇంగ్లీషు పుస్తకం చదివి తెలుగులో చెప్పేదాన్ని. అమెరికా వాళ్ళు ఇంగ్లీషు రాజు మీద తిరగబడ్డప్పుడు సముద్రంలో జరిగిన యుద్ధాల చరిత్ర అది. నాన్నకి ఓడలంటే ప్రాణం. ఆయన చిన్నప్పుడు మా తాతకి బందరు కాలువలో ధాన్యం మోసే తెరచాప పడవ ఉండేది.

ఆ సాయంత్రం కథ మంచి పట్టులో ఉంది. తిరుగుబాటుదారుల చిన్న ఓడని పెద్ద ఇంగ్లీషు యుద్ధనౌక తరుముతోంది. ఫిరంగి గుండ్లు పక్కనే పడుతున్నాయి. చిన్న ఓడకి ఫిరంగులు తక్కువ, వేగం ఎక్కువ. గాలి ఉన్నంతసేపే దాని బతుకు.

అంతలో పాస్టరుగారు వచ్చారు. కాసేపు ఆయనా విన్నారు. తర్వాత నాన్న తలమీద చెయ్యి పెట్టారు.

"ప్రభువా, ఆనాడు శిష్యుల పడవ మునిగిపోతుంటే తుఫాను గాలిని గద్దించి ఆపావు. ఈయన జీవితంలో కూడా గాలిని ఆపు తండ్రీ..."

"ఆపొద్దండీ అయ్యగారూ!" నాన్న కళ్ళు తెరిచేశారు. "ఇప్పుడు గాలి ఆగిందంటే మావాళ్ళు దొరికిపోతారు."

నాకు ప్రాణం చచ్చిపోయింది. ప్రార్థన మధ్యలో మాట్లాడటం మా ఇంటా వంటా లేదు. అయ్యగారు మాత్రం పకపకా నవ్వారు.

"అమెరికా వాళ్ళు మీవాళ్ళెప్పుడయ్యారండీ?"

"తెరచాప ఎత్తినోళ్ళంతా మావాళ్ళేనండి. గాలి పడిపోతే మా నాన్న గట్టు మీదికి దిగి, తాడు భుజాన వేసుకుని పడవ లాగేవాడు. ఊరికే కూర్చుంటే ధాన్యం చేరుద్దా?"

అనేసి నాన్న తనే ఆగిపోయారు. గుమ్మం పక్కనున్న సంచి వంక చూశారు.

అయ్యగారూ అటే చూశారు. "బైబిల్లో ఎర్ర సముద్రం పాయలై జనానికి దారిచ్చిందీ గాలితోనే కదండీ," అన్నారు మెల్లగా. "గాలి వద్దనుకుంటే జనం ఒడ్డునే ఉండిపోయేవాళ్ళు. ఇన్నాళ్ళూ ఒకటే అడిగాను. ఇవాళ ఇంకోటి అడుగుతా." మళ్ళీ చెయ్యి పెట్టారు. "ప్రభువా, ఈయన్ని కదిలించు. డాక్టరుగారి చేతికి తోడుండు."

"ఆమేన్," అన్నారు నాన్న, గట్టిగా. నావైపు తిరిగి, "పొద్దున్నే కారు చెప్పమ్మా. ఆ పుస్తకం కూడా పెట్టు. ఓడ ఏమైందో తెలియకుండా మత్తుమందు తీసుకోను."

పేజీలు తిప్పి ముందే చూసెయ్యాలని వేళ్ళు లాగాయి. చూడలేదు. పుస్తకాన్ని బట్టల మీద పెట్టి జిప్పు వేశాను. ఆ సంచిని ఇక విప్పలేదు. కాళ్ళు మాత్రం ఇంట్లోకీ వాకిట్లోకీ తిరుగుతూనే ఉన్నాయి. తిరుగుతూనే అడిగాను, గాలి పంపు ప్రభువా అని.