వేడినీళ్ళమ్మ కడిగిన రాళ్ళు

మా వదినకు రిజిస్టరులో ఉన్న పేరు ఆసుపత్రిలో సగం మందికి తెలియదు. వేడినీళ్ళమ్మ అంటేనే తెలుసు. ఆపరేషన్ సామాన్లు శుభ్రం చేసే గదిలో ఇరవై ఆరేళ్ళు పనిచేసింది. కత్తెరైనా, పట్టకారైనా, చిన్న ట్రే అయినా ముందు వేడినీళ్ళు, తరువాత బ్రష్షు, మూడుసార్లు జాడింపు, ఆ తరువాతే ఆవిరి పెట్టెలోకి. ఆ అలవాటు ఆమె వెంట ఇంటికి కూడా వచ్చేసింది. కొత్తగా కొన్న గ్లాసుకీ, పైనుంచి మా పిల్లలు తెచ్చిన రబ్బరు బొమ్మకీ ఆ ఇంట్లో స్నానం తప్పేది కాదు.

“వదినా, నన్ను కూడా ఒకసారి మరిగించి లోపలికి రానివ్వు” అని గుమ్మంలో నిలబడి ఏడిపించేదాన్ని.

“నిన్నెంత మరిగించినా నీ నోరు మాత్రం బాగుపడదు” అనేది.

ఆ మాట నిజమే. కోపం వస్తే నా నోటికి అడ్డూ ఆపూ ఉండదు. ఇది చెప్పడానికి కూడా నాకు సిగ్గుగానే ఉంది.

మా అన్నయ్య లిఫ్టు మెకానిక్. ఎక్కడ లిఫ్టు ఆగిపోయినా “ఐదు నిమిషాల్లో వస్తా” అని బయలుదేరి మూడు గంటలకి తిరిగొస్తాడు. అందుకే మేం ఆయన్ని ‘ఐదు నిమిషాలు’ అని పిలుస్తాం. వాళ్ళకి పిల్లల్లేరు. వాళ్ళది కింది వాటా, మాది పైది.

ఒకరోజు వదినకు ట్రేలో ఉన్న సూది కనబడలేదు. అది చేతి పక్కనే ఉంది. తరువాత తలుపు అంచులు తగలడం మొదలైంది. పరీక్షలన్నీ అయ్యాక కళ్ళ డాక్టరు ఉన్న సంగతి చెప్పేశాడు. చూపు అంచుల నుంచి మూసుకొస్తోంది, గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో కొంచెమే మిగిలింది, అది కూడా ఆరు నెలలకు మించి ఉండకపోవచ్చు. మందులతో ఆగేది కాదు.

“ఏం చూడాలని ఉంది? ఎక్కడికైనా తీసుకెళ్తాను” అన్నాడు అన్నయ్య.

“ఎక్కడికీ వద్దండీ. పెద్ద పెద్దవి చూడ్డానికి ఇప్పుడు నా కళ్ళు చాలవు. ఆ డాక్టరుగారి హాల్లో చేపల తొట్టి ఉందే, సముద్రపు పగడాలూ అవీ ఉన్నది. అది మాత్రం ఇంకా బాగా చూడాలని ఉంది. అదైతే మొత్తం పడుతుంది నా చూపులో.”

అంతే, అన్నయ్య అదే పట్టుకున్నాడు. ముందుగదిలో ఆమె కుర్చీ వేసి, ఆమె కంటికి ఎంత వెడల్పు అందుతుందో గోడ మీద సుద్దముక్కతో గీశాడు. రెండడుగులు. అంత అద్దాల తొట్టే తెచ్చాడు. ఇనుప స్టాండు తానే వెల్డింగ్ చేయించి, రసమట్టం పెట్టి చూసి, ఒక కాలి కింద అట్టముక్క దూర్చాడు. శుద్ధి చేసిన నీళ్ళలో సముద్రపు ఉప్పు కలిపాడు. నీళ్ళు వెచ్చగా ఉంచే కడ్డీ, అలలు పుట్టించే చిన్న పంపు, పైన నీలపు దీపం, అన్నీ అమర్చాడు. మనిషి ముఖంలో పదేళ్ళ వయసు తగ్గింది.

చేపల దుకాణం ఆయన అన్నయ్యకి ముందే చెప్పాడు. “సార్, తొందరపడితే మొదటికే మోసం వస్తుంది. ముందు రాళ్ళు వేయాలి. మామూలు రాళ్ళు కాదు, సముద్రంలోవి. వాటి కన్నాల్లో కంటికి కనబడని ప్రాణులుంటాయి. చేపల మురికిని తినేవి అవే. అవి కుదురుకోవడానికి ఆరువారాలు. ఆ తరువాత నత్తలు, తరువాత పగడం, చివర్న చేపలు.”

ఇంటికొచ్చి అన్నయ్య మాకు ఆరువారాలన్న మాట ఒక్కటే చెప్పాడు. “ఐదు నిమిషాల మనిషికి ఆరువారాల పని పడింది” అని నేను నవ్వాను. వదిన కూడా నవ్వింది. లెక్కవేస్తే ఇంకా మూడు నెలల చూపు మిగులుతుంది. సరిపోతుంది.

రాళ్ళు ఒక ఆదివారం ఉదయం వచ్చాయి. తడి కాగితాల్లో చుట్టిన ఆరు రాళ్ళు. విప్పుతుండగానే ఫోనొచ్చింది, ఎక్కడో లిఫ్టులో మనుషులు ఇరుక్కుపోయారు. “ఐదు నిమిషాల్లో వస్తా” అని అన్నయ్య పరుగెత్తాడు.

వదినకు ముందు వాసన తగిలింది. నీచు వాసన. చేత్తో తడిమితే జిగురు. ఒక కన్నంలోంచి సన్నటి పురుగేదో వేలికి తగిలింది. ఇక ఆగుతుందా? పెద్ద గిన్నెడు నీళ్ళు కాచింది. ఒక్కో రాయినీ బకెట్లో పెట్టి నీళ్ళు పోసి, బ్రష్షుతో ప్రతి కన్నమూ తోమింది. మూడుసార్లు జాడించి ఉతికిన తువ్వాలు మీద వరసగా ఆరబెట్టింది. కళ్ళు సహకరించని మనిషి, రెండు గంటలు నేల మీద కూర్చుని చేసింది ఆ పని.

అన్నయ్య తిరిగొచ్చేసరికి నేను కూడా అక్కడే ఉన్నాను. “చూడండి, ఎంత తెల్లగా వచ్చాయో. ఇలాంటి మురికితో ఇస్తాడా ఎవరైనా?” అంది వదిన. అన్నయ్య రాళ్ళకేసి చూశాడు. ఆయన ముఖంలో నెత్తుటిచుక్క లేదు. “బాగున్నాయే” అన్నాడు, మెల్లగా. తరువాత నన్ను మెట్ల మీదకి తీసుకెళ్ళి సంగతంతా చెప్పి, “మీ వదినకి తెలియకూడదు” అన్నాడు.

దుకాణంలో వేరే రాళ్ళు లేవు, తొమ్మిది వారాలకిగానీ రావన్నారు. ఇంకెక్కడా దొరకలేదు. ఆశ చావక అన్నయ్య ఆ కడిగిన రాళ్ళే తొట్టిలో వేశాడు. వాటిలో చచ్చినదంతా కుళ్ళి నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. సీసాలో చుక్కలు వేసి పరీక్షించిన ప్రతిసారీ ఆకుపచ్చ రంగే, అంటే విషం. బకెట్లతో నీళ్ళు మార్చి మార్చి ఆయన నడుం పడిపోయింది. వదిన అడిగితే, దుకాణం వాడు పాడైన రాళ్ళు అంటగట్టాడని చెప్పాడు. చివరికి వాటిని పారేసి, తొట్టి కడిగి, కొత్త రాళ్ళ కోసం కూర్చున్నాడు.

ఒకరోజు ముగ్గురం భోంచేస్తున్నాం. వదిన కంచం అంచు వెతుక్కుంటూ తింటోంది. అప్పటికే చూపు గొట్టం బాగా ఇరుకైపోయింది. “మీ అన్నయ్యని ఎవరైనా ఇట్టే మోసం చేస్తారమ్మా. రాళ్ళు చూసి తీసుకోవడం కూడా చేతకాలేదు. నా రోజులన్నీ పోయాయి” అంది. అందులో కోపం కూడా లేదు, ఉత్త బాధ. అన్నయ్య తల వంచుకుని మెతుకులు కెలుకుతున్నాడు. నాకు ఒళ్ళు మండింది.

“ఎవరూ మోసం చేయలేదు వదినా. వేడినీళ్ళతో కడిగి ప్రాణమున్నవాటిని చంపింది నువ్వు. ఆ తప్పు ఆయన తన నెత్తిన వేసుకుని తిరుగుతున్నాడు.”

అనేశాను. అన్నయ్య నావైపు చూసిన చూపు చచ్చేదాకా మరిచిపోలేను.

వదిన అన్నయ్య వైపు ముఖం తిప్పింది. “నిజమేనాండీ?” అని అడిగింది. ఆయన “అదేం లేదులే” అన్నాడు. ఆ గొంతు వింటే పసిపిల్లకైనా అర్థమవుతుంది.

“ఆ నీళ్ళతోనే కదా ఇరవై ఆరేళ్ళు మనుషుల్ని బతికించాం” అంది వదిన. చెయ్యి కడుక్కుని, గోడ పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

క్షమించమని అడిగాను. “నువ్వేం అబద్ధం చెప్పలేదుగా” అంది. తిట్టినా బాగుండేది.

కొత్త రాళ్ళు వచ్చాయి. వాటికి మళ్ళీ ఆరువారాలు. ఆ ఆరువారాల్లో వదిన తొట్టి గురించి ఒక్కసారి కూడా అడగలేదు. నాలుగో వారంలో గోడ మీది సుద్దగీతలు తనకి కనబడడం లేదని చెప్పింది. ఐదో వారంలో చేతికర్ర వచ్చింది. అన్నయ్య మాత్రం రోజూ చుక్కలు వేసి సీసాని వెలుగుకి పట్టి చూసేవాడు. ఆకుపచ్చ విరిగి, విషం పోయిందన్న గుర్తుగా పసుపు తేలిన రోజున సీసా బల్ల మీద పెట్టి తల పట్టుకుని కూర్చున్నాడు. చేయాల్సిన పని అయిపోయింది, చూడాల్సిన మనిషికి చూపు లేదు.

అయినా ఆపలేదు. నత్తలు వేశాడు. మెత్తటి పగడం ఒకటి రాయికి అంటించాడు. అది విచ్చుకున్నాక రెండు నారింజరంగు చేపలు తెచ్చి, సంచీతో సహా నీళ్ళ మీద తేల్చి, వేడి సమానమయ్యాక వదిలాడు. కుర్చీ అదే చోట వేసి వదినను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. దీపం వెలిగించాడు.

“ఏమైనా కనిపిస్తోందా?”

వదిన ముఖం అటూ ఇటూ తిప్పి వెతికింది. “వెలుగులా ఉంది. నీలంగా. అంతేనండీ.”

“రెండూ ఈదుతున్నాయి. భలే ఉన్నాయి” అని మొదలుపెట్టాడు అన్నయ్య.

“మీరొద్దండీ” అంది వదిన. నా వైపు చెయ్యి చాచింది. “నువ్వు చెప్పు. నువ్వైతే దాచవు.”

ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను. చెప్పాను. పెద్ద చేప ముందు, చిన్నది దాని తోక వెనకాల. ఒంటి మీద మూడు తెల్లపట్టీలు. పగడం వేళ్ళు అలకి ఊగుతున్నాయి. నత్త ఒకటి అద్దం ఎక్కుతోంది.

“రాళ్ళెలా ఉన్నాయి?” అని అడిగింది.

అద్దం దగ్గరికి వంగి చూశాను. “మురికిగా ఉన్నాయి వదినా. నాచు పట్టి, జిగురుగా ఉన్నాయి. కన్నాల్లోంచి ఏవో పురుగులు తొంగిచూస్తున్నాయి.”

వదిన నా చెయ్యి వదలలేదు.

“అలాగే ఉండనీ” అంది. “ఎవర్నీ కడగనివ్వకండి.”