ఒంటి తుమ్ము, రెండు బార్లు

చింటూ, అమ్మూ, ఇటు చూడండి. మన కారు షెడ్డుకు ముందటి రేకు నడుమ కాడ ఎందుకు వంగిందో ఎవరు చెప్తరు? చెయ్యి ఎత్తి చెప్పాలె. కోతులు దుంకినయ్ అనేటోళ్లు చెయ్యి దించండి. గాలి అనేటోళ్లు గూడ దించండి. మీరు జడ్చర్ల నుంచి వచ్చిన కాడ్నించి, ప్రవళిక వదిన అవ్వతోని ఎందుకు మాట్లాడుతలేదని ఇద్దరూ గుసగుసలు పెట్టుకుంటున్నరు. నా చెవులు ఇంకా మంచిగనే పని చేస్తున్నయ్. ఆ ప్రశ్నకు, ఈ రేకుకు జవాబు ఒక్కటే. ఆ జవాబు మీ ముందల కుర్చీల కూసొని ఉన్నది.

మొదటి నుంచి చెప్త. నడుమల లేవొద్దు.

ప్రవళిక సైకిల్ మీకు యాదికుంది కదా. సన్న టైర్లు, గొర్రె కొమ్ముల లెక్క కిందికి వంగిన హ్యాండిల్. అది మీ తాత కొనిచ్చింది. కొన్ననాడు దాన్ని ఒక్క చేత్తోని లేపి, "చూడుండ్రి, సైకిలా ఇది, పిట్టనా" అని వాడకట్టు అంతటికీ చూపిచ్చుకుంట తిరిగిండు. మాఘమాసంల తాత పోయిండు. ఆయన కొన్న ఆఖరు వస్తువు అదే. ఆ తర్వాత ప్రవళిక ఒక్కనాడు గూడ నాగా పెట్టలే. పొద్దుగాల ఐదింటికి లేచి కొండమల్లేపల్లి దాంక తొక్కి వచ్చేది. వచ్చినంక సైకిల్‌ను తుడిచేది, తర్వాత తన ముఖం తుడుచుకునేది. ఏడ్వడానికి ఆ పిల్ల పెట్టుకున్న టైం అదేనని నాకు తెలుసు. నేను అడగలే.

గీ నెలల నల్లగొండల జిల్లా సైకిల్ పోటీలు పెట్టిండ్రు. మొదటి ముగ్గురిని రాష్ట్ర పోటీలకు తీసుకుంటరు. వచ్చే ఏడు ప్రవళికకు వయసు దాటుతది, అంటే ఆ వయసు పిల్లల గుంపుల ఇదే ఆఖరు అవకాశం. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, కథల ఇదే ముఖ్యం.

ఇగ సైకిల్ నల్లగొండకు ఎట్ల పోవాలె? మా కాలంల బస్సు వెనక నిచ్చెన ఉండేది. టాపు మీద సైకిల్, జొన్నల బస్తా, మేకపిల్ల, అన్నీ ఒక్క తాడుతోని కట్టేటోళ్లు. ఇప్పుడు బస్సులకు నిచ్చెన లేదు. ట్రాలీ ఆటోల వేస్తె గతుకులకు చక్రాలు వంకర పోతయని ప్రవళిక భయపడ్డది. అప్పుడు ప్రవళిక నాయిన, మీ శీను మామ అన్నడు, "కారు టాపు మీద రూఫ్ బార్లు పెట్టిద్దం అమ్మా. రెండు కడ్డీలు అడ్డంగ వస్తయ్, వాటి మీద సైకిల్ నిలబడ్తది."

"ఎసొంటి కడ్డీలు?" అన్న.

"కడ్డీలు కడ్డీలే."

అదే తప్పు. కడ్డీలు అన్నీ ఒక్కటి కావు. ముప్పై ఏండ్లు పిల్లలకు లెక్కలు, సైన్సు చెప్పినదాన్ని, నా మనుమరాలు సైకిల్ కింద ఏం పెడ్తరో నాకు తెల్వొద్దా? నేనే చూస్త అన్న. ఒక నోటుబుక్కు తీసి గీతలు గీసి గళ్లు చేసిన. బరువు, పొడుగు, వెడల్పు, బిగింపు. గళ్లు ఎంత మంచిగ వచ్చినయంటే మీ అత్త చూసి, "పరీక్ష పెడ్తరా అత్తమ్మా మాకు?" అన్నది.

మొదలు మన వీధి చివర వెల్డింగ్ ఆయన దగ్గరికి పోయిన. "ఇనుప పైపులు వెల్డింగ్ చేసి ఇస్త టీచరమ్మా, ఏనుగు ఎక్కినా వంగయ్" అన్నడు. "మేము ఏనుగును తీస్కపోతలేము నాయనా" అని చెప్పి వచ్చిన. ఇనుము బరువే కారు టాపుకు సగం భారం. బరువు గళ్లల ఆయన ఫెయిల్.

తర్వాత నల్లగొండల కార్ల సామాన్ల దుకాణం. ఆయన మూడు రకాలు చూపిచ్చిండు. మొదటి రకం కారుకు పక్కల రెయిలింగ్ ఉంటేనే పడ్తది. మన పాత తెల్ల కారు టాపు నున్నటి గుండు, దానికి రెయిలింగ్ ఏడిది? రెండో రకం తలుపు సందుల కొక్కెం పెట్టి బిగించేది. మూడోది టాపు మీద కాదు, వెనక డిక్కీకి తగిలించేది. "ఇది శానా సులువు మేడం, సైకిల్ కిందనే ఉంటది, ఎక్కిచ్చుడు దించుడు బాధ లేదు" అన్నడు.

నేను తల అడ్డంగ ఊపిన. "వెనక తగిలిస్తే వెనకొచ్చేటోడు గుద్దుతడు. మన సైకిల్‌ను ఇంకొకల బ్రేకు మీద నమ్మి పెడ్తమా? టాపు మీద అయితే దాన్ని గుద్దేదెవ్వడు?"

చింటూ, నవ్వకు. ఆనాడు ఎవ్వరూ నవ్వలే. అందరికీ నా మాట మంచిగనే అనిపిచ్చింది.

అల్యూమినియం బార్లు, తలుపు సందుల కొక్కెం ఉన్నయి ఖాయం చేసిన. అప్పుడు దుకాణం ఆయన రెండూ ఒక్క పొడుగువే తీసిండు. నేను బ్యాగులకెల్లి టేపు తీసి కారు టాపు కొలిచిన. ముందల ఒక కొలత, వెనక ఇంకో కొలత. "చూడు, టాపు వెనకకు పోయినకొద్ది సన్నమైతది. వెనకది రెండు వేళ్లు పొట్టి ఉండాలె. లేకుంటె బయటికి పొడుచుకొస్తది, ఎవరి తలకన్న తాకుతది" అన్న.

ఆయన నన్ను చూసి, కారును చూసి, మళ్ల నన్ను చూసిండు. "ఇన్ని బండ్లకు పెట్టిన మేడం, గిట్ల అడిగినోళ్లు లేరు" అని లోపల్నించి పొట్టి బారు తెచ్చిండు. ఆ మాటకు నేను ఎంత పొంగిన్నో చెప్తె సిగ్గు. బిగించినంక మీ మామను ఆ బారు పట్టుకొని ఊపమన్న. కారు మొత్తం ఊగింది గని బారు కదలలే. బార్ల మీద ఒక పొడుగు ట్రే వచ్చింది. సైకిల్ రెండు చక్రాలు దాంట్ల కూసుంటయ్, ఒక చెయ్యి లాంటిది లేచి సైకిల్ నడుమును గట్టిగ పట్టుకుంటది. సైకిల్ టాపు మీద మనిషి లెక్క నిలబడి పోతది.

నిలబడి పోతది. ఈ మాట కింద గీత గీయండి. నేను గీయలే.

పోయిన ఆదివారం పోటీ. ఎనిమిదింటికి నల్లగొండల ఉండాలె. ఐదున్నరకే మీ మామ కారును షెడ్డులకెల్లి తీసి వీధిల నిలబెట్టి, సైకిల్‌ను ఎక్కిచ్చి బిగించిండు. షెడ్డుల జాగా చాలదు కదా, అందుకే వీధిల. తూరుపున ఇంకా మసక. ప్రవళిక జడలు గట్టిగ వేసుకొని ముందల సీటుల కూసున్నది. ఒళ్లె హెల్మెట్. మీ అత్త టిఫిన్ డబ్బా నా ఒళ్లె పెట్టి వెనక నా పక్కన కూసున్నది. ఎండుమిర్చి తాలింపు ఏసిన పులిహోర, ఆ ఘాటు మూత సందుల్నించి సక్కగ నా ముక్కులకే వస్తాంది. మీ మామ గేరు వేసిండు.

నేను తుమ్మిన.

ఒక్కటే. మనోళ్లల్ల రెండు తుమ్ములు మంచియి, ఒంటి తుమ్ము మంచిది కాదు అంటరు, మీరు విన్నరు కదా. కారుల అందరూ నా ముక్కు దిక్కు చూసిండ్రు. "ఇంకోటి తుమ్మండి అత్తమ్మా" అన్నది మీ అత్త మెల్లగ. నేను డబ్బా మూత తీసి వాసన పీల్చిన. రాలే. కొంగు కొస మెలిపెట్టి ముక్కుల పెట్టుకున్న. రాలే. అవసరానికి తుమ్ము రాదని ఆనాడు తెలిసింది.

"తుమ్ము అంటే ముక్కుల దుమ్ము పడితే ఒళ్లు దులుపుకునుడు" అన్నది ప్రవళిక, వెనకకు తిరగకుండనే. "నువ్వు నాకు ఒకటో తరగతిల చెప్పినవు అవ్వా."

చెప్పిన. ఒక్క ప్రవళికకేంది, దేవరకొండ చుట్టుపక్కల ఎన్ని తండాల పిల్లలకు చెప్పిన్నో. పిల్లి ఎదురొస్తే ఏం కాదు, తుమ్మితే ఏం కాదు అని నల్లబల్ల మీద రాయించిన. అట్లాంటిదాన్ని ఎందుకు భయపడ్డ అంటే, మీకు ఇది ఎవరూ చెప్పలే. మాఘమాసంల తాత బజారుకు బయలెల్లిననాడు నేను తుమ్మిన. ఒక్కటే. "జర కూసొని నీళ్లు తాగి పోరాదుండ్రి" అన్న. ఆయన నవ్విండు. "నీ పాఠం నువ్వే మర్చిపోతివా టీచరమ్మా" అని చెప్పులు తొడుక్కొని పోయిండు. బస్టాండు కాడ కూలబడ్డడు. దవాఖానకు పోయేటాళ్లకే అయిపోయింది. డాక్టరు గుండె అన్నడు. నేను గూడ గుండె అనే చెప్తున్న, అందరికీ. గని ఆ నీళ్ల గ్లాసు నా చేతుల అట్లనే ఉన్నది.

అందుకని, "వెనక్కి పోదాం" అన్న.

"అమ్మా, ఇక్కడ్నే బాటిల్ల నీళ్లున్నయ్ తాగుతం" అన్నడు మీ మామ.

"కారుల కాదు, ఇంట్ల కూసొని తాగాలె."

"సరే, దిగండి."

"దిగితే సరిపోదు శీనూ. బయలెల్లింది కారు గూడ కదా. కారు గూడ లోపలికి పోవాలె, అది మళ్ల దాని జాగల్నించి బయలెల్లాలె. సగం చేసిన లెక్కకు మార్కులు లేవు."

గిది నేను అన్న మాట. ఎవరో అన్నరని చెప్పెటందుకు ఎవ్వరూ లేరు.

మీ మామకు కోపం వచ్చింది. టైం పోతాంది. గట్ల కోపంల ఉన్న మనిషి చేతులు ఏం చేస్తయంటే, రోజూ చేసేదే చేస్తయ్. ఏడేండ్ల నుంచి ఆయన గేటుల కారు తిప్పుడంటె ఒక్కటే, సక్కగ షెడ్డులకు. తిప్పిండు. గేటు దాటింది. వాకిలి దాటింది. వెనక సీటుల నేను దేవునికి మొక్కుతున్న, తప్పు దిద్దుకున్నం సామీ అని.

సప్పుడు ఎట్ల వచ్చిందంటే, వంద మంది పిల్లలు ఒక్కసారి పలకలు కింద పడేస్తే వచ్చే సప్పుడు. తర్వాత ఇనుము మెల్లగ వంగే సప్పుడు. తర్వాత ఏం లేదు. మీ మామ ఇంజను ఆపిండు. ఎవ్వరం దిగలే. కారు ముందటి అద్దం మీద సైకిల్ ముందు చక్రం కిందికి వేలాడుతాంది. ఇంకా తిరుగుతనే ఉన్నది.

దిగి చూసినం. షెడ్డు రేకు వంగింది. కారు టాపు సొట్ట పోయింది. సైకిల్ నడుము కాడ మడత పడ్డది, ముందటి ఫోర్కు విరిగింది. మరి బార్లు? బార్లకు గీత గూడ పడలే. ఇంచు కదలలే. నేను ఎంచిన బార్లు అంత గట్టియి. జర మెత్తయి అయితే ఊడి వెనకకు పోయేటియి, సైకిల్ బతికేది. అవి వదలలే. ప్రతి గడిల ఫస్టు మార్కు వచ్చిన బార్లు సైకిల్‌ను గట్టిగ పట్టుకొని రేకుల కిందికి నెట్టినయ్.

ప్రవళిక సైకిల్‌ను ముట్టుకోలే. దాని దిక్కు చూసుకుంట నిలబడ్డది. నాకు ఏం చెయ్యాలో తోచక ఇంట్లకు పోయి గ్లాసుల నీళ్లు తెచ్చిన. ఎందుకు తెచ్చిన్నో నాకే తెల్వది. ఆమె గ్లాసు తీసుకున్నది. అరుగు మీద కూసున్నది. అన్ని నీళ్లు తాగింది. గ్లాసు నా చేతికిచ్చి, "ఇగ పోదామా అవ్వా?" అన్నది.

అదే ఆఖరు మాట నాతోని.

పోయినం. సొట్ట పోయిన కారుల పోయినం. అక్కడ వ్యాయామం సారు ఇంకో పిల్లవాని సైకిల్ ఇప్పిచ్చిండు. సీటు దించితే గూడ ఎత్తే, కాళ్లు నిండ అందుతలేవు. పదకొండు మందిల తొమ్మిదో నెంబరు వచ్చింది. మీ అత్త పులిహోర డబ్బా మళ్ల మూత పెట్టి ఇంటికి తెచ్చింది. సైకిల్ మెకానిక్ మడతను వేళ్లతోని తడిమి, "ఇది అల్యూమినియం అవ్వా, ఇనుము అయితే సాపు చేద్దును, దీన్ని వంచితే విరుగుతది" అన్నడు. ఇప్పుడది షెడ్డు వెనక గోడకు ఆనిచ్చి ఉన్నది, మీరు చూడొద్దని నేనే గోనెసంచి కప్పిన.

నోటుబుక్కు మళ్ల తీసి చూసిన. బరువు, పొడుగు, వెడల్పు, బిగింపు. నాలుగు గళ్లు. అమ్మూ, ఏ గడి లేదో చెప్పు? ఆ, ఎత్తు. చెయ్యి ఎత్తకుండ చెప్పినవు గని, కరెక్టు. మూడు కొలతలు ఉంటేనే వస్తువు అని అయిదో తరగతికి చెప్పిన టీచరును, రెండు కొల్చి ఆపిన.

అందుకే షెడ్డు దూలం మీద తెల్ల పెయింటుతోని ఎత్తు రాస్తున్న. నిన్న మొదలు పెట్టి "ఎత్తు" అని రాసి, రెండు చుక్కలు పెట్టిన. అంకె రాద్దామంటే టేపు కనపడలే. ఇల్లంత దేవులాడి పండుకున్న. ఈ పొద్దు లేచేటాళ్లకు టేపు నా దిండు పక్కన ఉన్నది, సక్కగ చుట్టి. మీ అత్త నేను పెట్టలే అన్నది. మీ మామ గూడ పెట్టలే అన్నడు. మీ ఇద్దరిని తీసేస్తె ఈ ఇంట్ల ఇంకెవరున్నరో మీరే లెక్క చెయ్యండి. నేనైతే దాని గురించి ఏం అడగ.

డబ్బాల పెయింటు మీగడ కడుతాంది, ఎండకముందే పోయి అంకె రాయాలె. చింటూ, ఆ స్టూలు ఇటు జరుపు. తుమ్ము అంటే ఏందో ఇప్పుడు ఇద్దరికీ తెలిసింది కదా? ముక్కుల దుమ్ము, అంతే, దానికి భయపడే పని లేదు.

తెలిసింది కదా, మంచిది. నేను ఆ గడప దాటే దాంక ఇద్దరూ జర ముక్కులు పట్టుకోండి.