ఆపేసిన కంప్యూటర్ పలికిన రోజు

నిన్న హిందూపురంలో మా ఆఫీసులో కంప్యూటర్ వైరు కొసను, కంప్యూటర్లన్నిటినీ కలిపే పెట్టెలో దోపితే టిక్కుమంది. ఆ చప్పుడు వింటే చాలు, ధర్మవరంలోని ఫాతిమా మేడం గుర్తుకొస్తుంది. పట్టుచీరల డిజైన్లు గీసే షాపులో కంప్యూటర్లన్నీ ఆమే చూసుకునేది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేనక్కడ పనికి చేరాను. అబ్బ, ఏం మనిషి!

నేను చేరిన వారంలోనే గొడవ మొదలైంది. గీసిన డిజైన్ వైరు గుండా అట్టలకు చిల్లులు కొట్టే మిషన్‌కు పోవాలి. ఆ అట్టల్ని బట్టే మగ్గం మీద పువ్వు దిగుతుంది. నేను కూర్చుంటే చాలు, పంపేది సగంలో తెగిపోయేది. వైర్లతో కలిపిన కంప్యూటర్లలో ఒక్కోదానికి ఒక్కో అడ్రసు ఉండాలి; నా కంప్యూటర్ అడ్రసే ఇంకోదానికీ ఉందని తెరమీద పడేది. షాపులో ఉన్నవన్నీ వెతికాం. దేని అడ్రసు దానిదే. పెళ్లిచీరల మగ్గాలు ఆగిపోయాయి. ఓనరు అందరి ముందే అరిచాడు: "ఈయమ్మ వచ్చినప్పట్నుంచే ఇట్లయితాండాది. ఏందో కెలుకుతాండాది. రేపట్నుంచి రావద్దను మేడం." నాకు ఏడుపు ఆగలేదు. ఆ జీతం మీదే మా ఇల్లు నడిచేది.

"రవ్వంతసేపు ఓర్చుకోండి సార్" అంది ఫాతిమా మేడం. నా కంప్యూటర్ ఆపేసి, దాని వైరు పీకి నా చేతికిచ్చింది. తన కంప్యూటర్ నుంచి నా అడ్రసును పిలిచింది. జవాబొచ్చింది! దయ్యాన్ని చూసినట్టు నోరు తెరిచాను.

"పాప ఈడుండాది, వైరూ ఈడ్నే ఉండాది. మరి ఆడ పలికేదెవరు సార్?" అంది మేడం.

తర్వాత వైర్లన్నీ కలిసే పెట్టెలోంచి వైర్లు ఒక్కొక్కటే పీకుతూ పోయింది. అటక మీదికి పోయే దుమ్ముపట్టిన వైరు పీకగానే జవాబు ఆగిపోయింది. అది గోడ దాటి, ఓనరు వాళ్ల అన్న నడిపే పక్క షాపులోకి పోతోంది. అన్నదమ్ములు భాగాలు పంచుకుని మధ్యలో గోడ కట్టారు, మాటలు మానేశారు. వైరు తెంపడం మాత్రం ఎవరికీ తోచలేదు. అన్న ఆ వారమే కొత్త కంప్యూటర్ కొన్నాడు. రెండు షాపులకూ బిగించేది ఒకే మనిషి, అలవాటు కొద్దీ నా కంప్యూటర్‌ అడ్రసే దానికీ పెట్టాడు.

ఓనరు గొంతు తగ్గించి, "సరే మేడం, రేపు రమ్మను" అన్నాడు.

"నాతో కాదు సార్. అందరి ముందర అంటిరి, అందరి ముందరే ఆ పాపకు చెప్పండి."

షాపంతా పని ఆపి చూస్తోంది. ఆయన నా వైపు తిరిగి, "తప్పు నాదేమ్మా. పనిలో ఉండు" అన్నాడు.

ఇప్పుడు నా కింద కొందరు పనిచేస్తున్నారు. ఎవరినైనా అందరి ముందూ అనవసరంగా కసురుకున్నానని తెలిస్తే, ఆ మనిషిని నా గదిలోకి పిలిచి మెల్లగా సర్దిచెప్పాలనిపిస్తుంది. అది తేలిక కదా! కానీ ఆనాటి ఫాతిమా మేడం మాట నన్ను కూర్చోనివ్వదు. లేచి, అందరూ ఉన్నచోటికే నడుస్తాను.