రెండు గిన్నెల పెరుగు

సోమవారం నుంచి అక్క మళ్ళీ ఆఫీసుకు వెళ్ళాలి. ఏడో నెల దాటిన పాప మాత్రం అక్క తప్ప ఇంకెవరు పెట్టినా నోరు తెరవడం లేదు. ఇక పెరుగు మొదలుపెట్టొచ్చని డాక్టరు చెప్పడంతో, ఇంటి నుంచే పనిచేసే నాకు గిన్నె అప్పగించి, కొత్త రుచీ కొత్త చెయ్యీ ఒకేసారి అలవాటు చేద్దామని అక్క ఆదివారం పొద్దున్నకి ముహూర్తం పెట్టింది. పాప నిద్రలతో, వీడియో తీయాల్సిన బావ ఫోన్ ఛార్జింగ్‌తో అది సాయంత్రానికి వాయిదా పడింది. మియాపూర్‌లోని మా ఫ్లాట్‌లో అంత ఉత్కంఠ లిఫ్టు ఆగిపోయినప్పుడే చూశాను.

మా అమ్మది తెలంగాణ. బావ వాళ్ళమ్మది గోదావరి వైపు. ఒకరి పెరుగు మీద ఒకరికి నమ్మకం లేక, ముందు రోజే ఎవరి గిన్నెలో వాళ్ళు తోడేశారు.

"జర పులుపెక్కింది వదినా మీది" అంది అమ్మ, ఎంగిలి కాకుండా అరచేతిలో వేసుకుని రుచి చూస్తూ.

"మాది కమ్మగానే ఉందండి. మీదే కాస్త..." అంటూ ఆవిడా చెయ్యి చాపింది.

ఒక్క చెంచాతో తేలలేదు. బావ ఫోన్ పక్కన పెట్టి తీర్పరిగా కూర్చున్నాడు. ఇద్దరివైపూ సమానంగా తిన్నాడు.

నా ఒళ్ళో ఉన్న పాప, ఎవరి నోరు తెరుచుకుంటే వాళ్ళతోపాటు తనూ తెరుస్తోంది. రెండు గిన్నెల అడుగులూ గీకి కాస్త నోటికందించాను. మొహం చిట్లించింది. ఒళ్ళు జలదరించింది. ఆలోచించింది. మళ్ళీ నోరు తెరిచింది.

"నీ చేత్తో తింటుందిరా" అంది అక్క.

"ఎవరి పెరుగురా?" అంది అమ్మ.

"రెండూ కలిపిన" అన్నాను.

వదినలిద్దరికీ నచ్చలేదు.

"మరి రేపు ఏం పెడ్తవ్?" అని అక్క అడిగితే అందరం గిన్నెల్లోకి చూశాం. తోడుకి కూడా చుక్క మిగల్లేదు. పక్కింట్లో అడుగుదామంటే అప్పటికే దీపాలు పెట్టేశారు. పొద్దుగూకాక పెరుగు గడప దాటకూడదనడంలో మాత్రం వదినలది ఒకటే మాట.

ఇద్దరూ ఇన్నాళ్ళూ ఇంట్లోకి రానివ్వని ప్యాకెట్ పెరుగును బావ కిందికెళ్ళి తెచ్చాడు.

మర్నాడు మధ్యాహ్నం నా ఆఫీసు కాల్ మ్యూట్‌లో పెట్టి పాపకు అదే తినిపించాను. గుమ్మంలో నిలబడి చూస్తున్న అమ్మమ్మ, నానమ్మల ముందే గిన్నె ఖాళీ అయింది. అక్కకు వీడియో పంపాను.

"నా కోసం ఏడ్వలేదా?" అని మెసేజ్ పెట్టింది.

"నోరు ఖాళీ లేదు" అని రాశాను.